మధ్యాహ్నం మూడు గంటల మందారం

మే 27, విజయవాడ.

రోహిణి కార్తె మొన్ననే ప్రవేశించింది. రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఎనిమిది గంటలకే డాబా మీద చెప్పులు లేకుండా నిలబడలేకపోయాను.

అందుకే ఇప్పుడు తోటపని అంతా వెలుగు రాకముందే. గొట్టంలో నిన్నటి నుంచి నిలిచిన నీళ్లను ముందు బకెట్‌లోకి వదిలేసి, చేతికి చల్లగా తగిలాకే కుండీల్లోకి పెట్టాను. గులాబీలకు మాత్రం ఏసీ నుంచి కారిన నీళ్లు. రాత్రంతా కింద బకెట్ పెడితే తెల్లవారేసరికి నిండుతోంది. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ, వీటిలో ఉండదు. గులాబీకి వచ్చిన చిన్న మొగ్గలను తుంచేశాను. ఈ ఎండలో అవి ఉసిరికాయంత కూడా విచ్చుకోవు, మొక్క బలం మాత్రం లాగేస్తాయి. జూన్‌లో వానలు పడేదాకా దానికి ఎరువూ లేదు, కత్తిరింపూ లేదు. బతికి ఉంటే చాలు.

మందారం కొమ్మ మీద చీమల బారు కనిపించింది. చీమలు అలా ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి పురుగు ఉన్నట్టే, అది విడిచే తీపి కోసమే వాటి ప్రయాణం. చిగురు కింద తెల్లగా దూదిలా పట్టి ఉంది. తడిగుడ్డతో తుడిచేశాను. వేపనూనె సాయంత్రం కొట్టాను, ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మూడు గంటలప్పుడు ఆరిన బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్తే, పక్కింటి పిన్నిగారు పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నారు. "ఏమమ్మా, మందారం అలా తల వేలాడేస్తే చూస్తూ ఎలా ఉంటావు? కాసిన్ని నీళ్లు పొయ్యి" అన్నారు. నిజమే, ఆకులన్నీ వేలాడుతున్నాయి, ఎవరికైనా మనసు కరుగుతుంది. కుండీలో వేలు గుచ్చి చూశాను. లోపల మట్టి చెమ్మగానే ఉంది. "దాహం కాదండీ పిన్నిగారూ, ఎండ దెబ్బ. పొద్దు వాలాక చూడండి" అన్నాను.

ఆ వేళప్పుడు ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేవు. ఆకు వాలిపోతుంది, వాలిన ఆకు మీద ఎండ కూడా తక్కువ పడుతుంది. తడిగా ఉన్న మట్టిలో మళ్లీ నీళ్లు కుమ్మరిస్తే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. మా వీధిలో వేసవికి పోయిన మొక్కల్లో ఎండినవాటికంటే, జాలిపడి మధ్యాహ్నాలు పోసిన నీళ్లకు కుళ్లినవే ఎక్కువని నా గట్టి నమ్మకం. చూడాల్సింది తెల్లవారుజామున. అప్పుడు కూడా తల వేలాడుతుంటే ఆ మొక్కకు నిజంగా కష్టం వచ్చినట్టు.

ఆరున్నరకు మందారం ఆకులు లేచి నిలబడ్డాయి. పిన్నిగారిని పిలిచి చూపించాను. "అవునే!" అని ఆశ్చర్యపోయారు. ఆవిడ ఇంట్లో తులసి, నందివర్ధనం కూడా ఇదే బాధలో ఉన్నాయట. వేలితో మట్టి చూశాకే పోయమని చెప్పాను.

మల్లెకు ఇవేవీ పట్టవు. చలికాలంలో ఆకు దూసి కత్తిరించిన పాదు, ఇప్పుడు నడి ఎండలో తెల్లటి మొగ్గలతో నిండి ఉంది. దానికి నీడ ఇస్తేనే పూత తగ్గుతుంది. ఏ మొక్కకైనా పచ్చ వల కట్టేస్తున్నారు కానీ, మల్లెకు అది శిక్ష. సాయంత్రం విచ్చకముందే కోసి మాల కట్టాను, పిన్నిగారికి ఒక మూర ఇచ్చాను.

కనకాంబరాలు మాత్రం నాకు నచ్చని విధంగా వాడిపోతున్నాయి. చిన్న కుండీలు, పైగా నల్ల ప్లాస్టిక్‌వి, పక్కలు ముట్టుకుంటే కాలుతున్నాయి. రేపు వాటిని పెద్ద మట్టి కుండీల వెనక నీడలోకి జరిపి, మట్టి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు మందంగా పరవాలి. పీచు ఇంట్లో లేదు, కొబ్బరిబొండాల బండి అతన్ని పొద్దున్నే అడగాలి.