పొందూరు లాల్చీకి రఫ్ఫు, రంగు: నా అనుభవం

నిన్ననే పని పూర్తయింది. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

నాన్నగారి పొందూరు ఖద్దరు లాల్చీ మోచేతి దగ్గర చిరిగింది. చంకల్లో చెమట మరకలు పట్టేశాయి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో సన్నగా వడికి నేసిన బట్ట అది. ఒక్క మోచేతి దగ్గర తప్ప ఎక్కడా పట్టు సడలలేదు. అలాంటిదాన్ని పారేయడానికి మనసొప్పలేదు.

చాకలిసోడా వేసి ఉడకబెట్టినా మరకల ఛాయ మిగిలింది. అందుకే ముదురు రంగు వేద్దామనుకున్నాను. ముందు చిరుగు బాగుచేయించాలి కదా, అసలు నరకం అక్కడే మొదలైంది.

మా వీధి చివర పేరున్న బొటిక్‌లో ఇచ్చాను. "తర్వాత కరక్కాయ రంగు వేస్తాను, నూలు దారమే వాడండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. వాళ్ళేం చేశారంటే, లోపల జిగురు గుడ్డ ఇస్త్రీతో అతికించి, పైన మెరిసే పాలిస్టర్ దారంతో మిషన్ మీద అడ్డదిడ్డంగా కుట్టేశారు. ఆ దారానికి కరక్కాయ రంగు పట్టదు. బట్టంతా నల్లబడి కుట్టు మాత్రం తెల్లగా పళ్ళికిలిస్తుంది. అదే అడిగితే ఆ షాపు ఓనరు లాల్చీ పైకెత్తి నలుగురికీ చూపించి, "ఈ పాత గుడ్డకి ఇంతకన్నా ఏం చేస్తారు మేడమ్? గచ్చు తుడుచుకోండి" అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా డబ్బులు పూర్తిగా తీసుకున్నాడు! కొత్తవి అమ్ముకోవడం తప్ప బాగుచేయడం రానివాళ్ళు బోర్డు మీద 'ఆల్టరేషన్స్' అని రాసుకోవడం మోసం. మీరు మాత్రం ఏ దారం వాడతారో కళ్ళతో చూశాకే బట్ట ఇవ్వండి.

ఆ కుట్లు విప్పడానికే ఒక మధ్యాహ్నం పట్టింది. తర్వాత హైదరాబాద్ పాతబస్తీలో రఫ్ఫు చేసే, అంటే చిరుగును పోగులతో నేసి పూడ్చే, ఒక పెద్దాయన దొరికారు. "దీనికి కావాల్సిన దారం దీంట్లోనే ఉందమ్మా" అంటూ లాల్చీ అంచు మడత విప్పి, లోపలి గుడ్డలోంచి ఒక్కో పోగూ లాగారు. ఆ పోగుల్నే సూదికెక్కించి ముందు నిలువుగా పరిచారు. తర్వాత అడ్డంగా ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పోనిస్తూ మగ్గం మీద నేసినట్టే నేశారు. వేలితో తడిమితే తప్ప ఆ చోటు తెలియదు. ఆయన అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను.

రంగు వేయడం తేలిక. 100 గ్రాముల బట్టకు 20 గ్రాముల కరక్కాయ పొడి వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టి, అందులో లాల్చీ కొన్ని గంటలు ఉంచి, పిండి నీడన ఆరబెట్టాను. ఆ తర్వాత ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు పోసి, అదే లెక్కన 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) కలిపి ముంచగానే లేత పసుపు కాస్తా ఉరుముతున్న మబ్బు రంగుకి తిరిగింది. రఫ్ఫు చేసిన చోట కూడా అదే రంగు! మరకల జాడే లేదు. ఇంత చక్కటి రంగు షాపుల్లో నేనెక్కడా చూడలేదు.

అన్నభేది మాత్రం ఎక్కువ వేయకండి, నూలు బలం పోతుంది. ముంచి తీశాక నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. నిమ్మరసం పడితే ఆ చోట రంగు వెలిసిపోతుంది, అందుకే పులిహోర తినేటప్పుడు వేసుకోవద్దని నాన్నగారికి ముందే చెప్పేశాను.