సెన్సర్ పలకనప్పుడు ముందు ఏం చూస్తారు?

బోర్డుకు పవర్ వచ్చింది, ప్రోగ్రామ్ ఎక్కింది, ఐ2సి (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) తీగల మీదున్న సెన్సర్ మాత్రం ఉలకదు పలకదు. ముందు ఏం చూస్తారు?

ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే నడిచే ప్రోగ్రామ్) రాసే ఉద్యోగానికి వచ్చిన మనిషిని అంచనా వేయడానికి ఈ ఒక్క ప్రశ్న చాలని నా నమ్మకం. లింక్డ్ లిస్టును తిరగేయమంటే బట్టీ పట్టినవాళ్లు కూడా రాసేస్తారు. దీనికి జవాబు మాత్రం బోర్డు ముందు కూర్చుని చేతులు కాల్చుకున్నవాళ్లకే తడుతుంది. "కోడ్ ఇంకోసారి చూస్తాను సార్" అనేది ఎక్కువమంది చెప్పే మాట. చాలాసార్లు తప్పు కోడ్‌లో ఉండదు. తప్పు బోర్డుదా, కోడ్‌దా అని కొలిచి తేల్చగలగడమే ఈ ఉద్యోగంలో జీతం వచ్చే పని. సి భాష అందులో ఒక పనిముట్టు, అంతే.

కాబట్టి ఆ ప్రశ్ననే పట్టుకుని కొంతదూరం వెళదాం. చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103 అనుకోండి. బ్లూ పిల్ అనే చవక ప్రయోగ బోర్డు మీద ఉండేదే: కార్టెక్స్-ఎం3, 72 మెగాహెర్ట్జ్, 64 కేబీ ఫ్లాష్, 20 కేబీ ర్యామ్. సెన్సర్ ఉష్ణోగ్రత, పీడనం, తేమ కొలిచే బాష్ వారి బీఎంఈ280.

మొదట మల్టీమీటర్. సెన్సర్ పిన్ల దగ్గరే 3.3 వోల్టులు ఉందా చూడాలి. బోర్డు మీద ఇంకెక్కడో చూసి సరిపెట్టుకోకూడదు. తర్వాత ఏ పనీ జరగనప్పుడు ఎస్‌డీఏ (డేటా తీగ), ఎస్‌సీఎల్ (క్లాక్ తీగ) రెండూ 3.3 దగ్గర నిలబడి ఉండాలి. ఐ2సి ఓపెన్ డ్రెయిన్ పద్ధతి: ఏ చిప్ అయినా తీగను కిందికి లాగగలదే కానీ పైకి నెట్టలేదు. పైకి తెచ్చేది పుల్-అప్ రెసిస్టర్. అది లేకపోతే మీ కోడ్ ఎంత బాగున్నా బూడిదలో పోసిన పన్నీరే. "చిప్ లోపల పుల్-అప్ ఉంది కదా, ఆన్ చేస్తే సరి" అనుకుంటారు కొందరు. లోపలిది 40 కిలో ఓముల ప్రాంతంలో ఉంటుంది, ఈ పనికి బలం చాలదు. పైగా ఎఫ్103లో పిన్‌ను ఆల్టర్నేట్ ఫంక్షన్ ఓపెన్ డ్రెయిన్‌లో (చిప్‌లోని ఐ2సి యూనిట్‌కు అప్పగించే మోడ్‌లో) పెట్టాక అది అసలు పనిచేయదు, ఇన్‌పుట్ మోడ్‌కే పరిమితం.

ఎంత రెసిస్టర్ పెట్టాలి? అందరూ 4.7 కే (కిలో ఓములు) అంటారు. లెక్క వేసి చూడండి. 400 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పైకి లేవడానికి స్పెసిఫికేషన్ ఇచ్చే గరిష్ఠ సమయం 300 నానోసెకన్లు. లేచే సమయం సుమారు 0.847 × రెసిస్టెన్స్ × తీగల కెపాసిటెన్స్. మొత్తం 100 పికోఫారడ్లు ఉన్నాయనుకుంటే 4.7 కేతో 398 నానోసెకన్లు పడుతుంది. అంటే నియమం తప్పినట్టే. 3.3 కే పెడితే 280కి వస్తుంది. అదే 100 కిలోహెర్ట్జ్ దగ్గర గడువు 1000 నానోసెకన్లు కాబట్టి 4.7 కే హాయిగా సరిపోతుంది. "100లో బాగానే ఉంది, 400కి పెంచితే అప్పుడప్పుడూ చెడిపోతోంది" అన్న ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే.

ఇంకోవైపు హద్దూ ఉంది. చిప్ తన పిన్‌లోంచి 3 మిల్లీఆంపియర్లు లాగుతూ 0.4 వోల్టుల కిందికి తేగలగాలి. (3.3 − 0.4) ÷ 0.003 చేస్తే 967 ఓములు. అంతకంటే తగ్గకూడదు. బజారులో దొరికే మాడ్యూళ్లలో రెసిస్టర్లు ముందే అతికించి ఉంటాయి. 4.7 కే ఉన్న మాడ్యూళ్లు ఐదు ఒకే బస్సుకు (ఆ రెండు తీగల జతకు) తగిలిస్తే అవన్నీ ప్యారలల్‌లో పడి 940 ఓములవుతాయి. నాలుగు దాకా బాగా పనిచేసి, ఐదోది పెట్టగానే మొండికేస్తే తప్పు ఐదో సెన్సర్‌ది కాదు.

తీగలు సరిగా ఉన్నాయంటే తర్వాత అడ్రస్. బీఎంఈ280కి ఎస్‌డీఓ పిన్ గ్రౌండ్‌కు కలిపితే హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు) 76, పైకి కలిపితే 77. గాల్లో వదిలేస్తే ఏ అడ్రసో చెప్పలేమని డేటాషీట్‌లోనే రాసి ఉంది. ఇది 7 బిట్ల అడ్రస్. చిప్ తయారీదారు ఎస్‌టీ వారి హాల్ లైబ్రరీకి (చిప్‌ను నడిపే రెడీమేడ్ కోడ్‌కు) ఒక బిట్ ఎడమకు జరిపి, అంటే హెక్స్ ఈసీగా ఇవ్వాలి. కొత్తవాళ్ల రోజులు మింగేసే తప్పుల్లో దీనిదే అగ్రతాంబూలం. అడ్రస్‌కు జవాబు వస్తే హెక్స్ డీ0 రిజిస్టర్ (చిప్ తన రకం సంఖ్య దాచుకునే గడి) చదవండి. హెక్స్ 60 వస్తే బీఎంఈ280. 58 వస్తే మీ చేతిలో ఉన్నది బీఎంపీ280. దానికి గాలిలో తేమ కొలవడం రాదు. డ్రైవర్‌ను ఎన్ని రాత్రులు దిద్దినా తేమ రాదు, దుకాణదారుణ్ణే అడగాలి.

తీగల మీద ఏం నడుస్తోందో చూడటానికి ఇక్కడ లాజిక్ అనలైజర్ కావాలి. 8 చానెళ్లు, 24 మెగాహెర్ట్జ్ అని అమ్మే చవక రకం చాలు, పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం. మనం పంపే ప్రతి బైట్‌కూ తొమ్మిదో క్లాక్ దగ్గర ఎస్‌డీఏ కిందికి వచ్చిందా (అంటే సెన్సర్ అందిందని చెప్పిందా) లేదా అన్నదే చూడాల్సింది. రాలేదంటే అడ్రస్, పవర్, అతుకులు. వచ్చింది కానీ విలువలు తప్పంటే అప్పుడు కోడ్ తెరవండి. ఒక జాగ్రత్త: లాజిక్ అనలైజర్ 0, 1 మాత్రమే చూపిస్తుంది. పైన చెప్పిన మెల్లగా లేచే అంచు కనబడాలంటే ఆసిలోస్కోప్ ఉండాలి, ప్రోబ్‌ను 10ఎక్స్‌లో పెట్టాలి. 1ఎక్స్‌లో పెడితే ప్రోబ్ కెపాసిటెన్సే బస్సు మీద బరువవుతుంది.

అన్నీ సరిగ్గా ఉండి, పవర్ తీసి పెడితే పనిచేస్తుంది కానీ రీసెట్ బటన్ నొక్కితే పనిచేయదు. ఈ లక్షణం కనబడితే బస్సు ఇరుక్కుంది. సెన్సర్ ఒక 0 బిట్‌ను పంపుతూ ఎస్‌డీఏను కిందికి పట్టుకుని ఉన్న క్షణంలో కంట్రోలర్ రీసెట్ అయింది. సెన్సర్ మాత్రం రీసెట్ కాలేదు, అది తర్వాతి క్లాక్ కోసం అలాగే పట్టుకుని కూర్చుంది. కంట్రోలర్ లేచి బస్సు ఖాళీగా లేదని వెనక్కి తగ్గింది. ఇద్దరూ "ముందు మీరు" అంటే "ముందు మీరు" అన్నట్టు. మందు: పిన్లను తాత్కాలికంగా మామూలు ఓపెన్ డ్రెయిన్ అవుట్‌పుట్‌గా మార్చి, ఎస్‌డీఏ పైకి వచ్చేదాకా గరిష్ఠంగా 9 క్లాక్‌లు కొట్టి, ఒక స్టాప్ ఇచ్చి, అప్పుడు పెరిఫెరల్‌ను (చిప్‌లోని ఐ2సి యూనిట్‌ను) మొదలుపెట్టాలి. ఈ పది లైన్లు బూట్‌లో ఎప్పుడూ ఉండాలి. ఎఫ్103లో ఇంకో మెలిక: తీగలు బాగానే ఉన్నా పెరిఫెరల్‌లోని బిజీ ఫ్లాగ్ ఇరుక్కుపోవచ్చని ఎస్‌టీ ఎర్రాటా షీట్‌లోనే (చిప్‌లోని తప్పుల జాబితాలోనే) ఒప్పుకుంది, బయటపడే క్రమం కూడా అక్కడే ఉంది. డేటాషీట్ అందరూ చదువుతారు. ఎర్రాటా చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హాల్ ఫంక్షన్లకు టైమౌట్‌గా మ్యాక్స్ డిలే (ఎంతసేపైనా ఆగమని) ఇచ్చే అలవాటు కూడా మానుకోండి. బస్సు ఇరుక్కుంటే ప్రోగ్రామ్ అక్కడే సమాధి అవుతుంది.

సెన్సర్ సంగతి ఇంతే. రెండో పరీక్ష హార్డ్ ఫాల్ట్, అంటే ప్రాసెసర్ ఇక ముందుకు పోలేని తప్పులో పడటం. అనంతమైన లూప్‌లో పడగానే ప్రింట్‌ఎఫ్‌లు (సందేశాలు పంపే లైన్లు) చల్లుకుంటూ పోవడం అందరూ చేసేదే. కార్టెక్స్-ఎం చిప్ పడిపోతూ పడిపోతూ మరణ వాంగ్మూలం ఇచ్చే పోతుంది: ఆర్0 నుంచి ఆర్3, ఆర్12, ఎల్ఆర్ (తిరిగి వెళ్లాల్సిన చోటు), పీసీ (నడుస్తున్న ఆదేశం చిరునామా), స్టేటస్ రిజిస్టర్ అని ఎనిమిది పదాలను (ఒక్కోటి 4 బైట్లు) స్టాక్ అనే మెమరీ దొంతర మీద పెడుతుంది. ఏ స్టాకో తెలియాలంటే హ్యాండ్లర్‌లో ఎల్ఆర్ విలువలో (0 నుంచి లెక్కిస్తే) 2వ బిట్ చూడాలి: 0 అయితే మెయిన్ స్టాక్, 1 అయితే ప్రాసెస్ స్టాక్. ఏడో పదం పీసీ. దాన్ని యాడర్2లైన్ అనే పనిముట్టుకు ఇస్తే ఫైల్ పేరు, లైన్ నంబర్ వస్తాయి. సీఎఫ్ఎస్ఆర్ రిజిస్టర్ కారణం చెబుతుంది. అందులో "ఇంప్రిసైస్" అన్న 10వ బిట్ లేచి ఉంటే ఆ పీసీని నమ్మకండి, మెమరీలోకి రాసిన తప్పు విలువ బఫర్‌లోంచి ఆలస్యంగా వెళ్లి ఉంటుంది. ఎం3, ఎం4లలో రైట్ బఫర్‌ను ఆపేసి మళ్లీ నడిపితే అసలు లైన్ దొరుకుతుంది.

ప్రింట్‌ఎఫ్ అన్నాం కాబట్టి దాని ఖర్చూ తెలియాలి. సీరియల్ తీగ మీద 115200 బాడ్‌లో (సెకనుకు అన్ని బిట్లు) ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే 86.8 మైక్రోసెకన్లు. 50 అక్షరాల సందేశానికి 4.3 మిల్లీసెకన్లు. ఇంటరప్ట్‌లోంచి (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి నడిచే కోడ్‌లోంచి) అలా రాసి, "టైమింగ్ ఎందుకు తప్పుతోంది" అని తలపట్టుకోవడం మనకు మనమే తెచ్చుకున్న తంటా. అక్కడ ఒక పిన్‌ను లేపి దించండి, లాజిక్ అనలైజర్‌లో కొలవండి.

ఫ్రీఆర్‌టాస్ (చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు తడబడే చోటు ఇంటరప్ట్ ప్రయారిటీ. కార్టెక్స్-ఎంలో అంకె తగ్గేకొద్దీ ప్రాధాన్యం ఎక్కువ. ఫ్రీఆర్‌టాస్ టాస్కులకు దీనికి తిరగబడి, అంకె పెరిగేకొద్దీ ఎక్కువ. మ్యాక్స్ సిస్కాల్ హద్దు (ఫ్రీఆర్‌టాస్‌ను పిలవగల ఇంటరప్ట్‌లకు గీత) 5 అని పెట్టి ఉంటే 0 నుంచి 4 వరకున్న ఇంటరప్ట్‌లు ఫ్రీఆర్‌టాస్ వారి "ఫ్రమ్ ఐఎస్ఆర్" ఫంక్షన్లను పిలవకూడదు. రీసెట్ తర్వాత అన్ని ఇంటరప్ట్‌ల ప్రయారిటీ 0. మీరు పెట్టడం మరిచిపోయారంటే నిషిద్ధ ప్రాంతంలో ఉన్నట్టే. వెంటనే పడిపోదు, వారానికోసారి పడిపోతుంది, అదే దీనిలోని దుర్మార్గం. కాన్ఫిగ్ అసర్ట్ (ఇలాంటి తప్పును పట్టే తనిఖీ) ఆన్‌లో ఉంచితే మొదటి రోజే దొరుకుతుంది. ఇంకోటి, టాస్క్ స్టాక్‌కు 128 అని ఇస్తే 128 బైట్లు కాదు, 128 పదాలు, అంటే ఈ చిప్‌లో 512 బైట్లు.

కాలం లెక్క కూడా ఇలాంటిదే. 32 బిట్ల మిల్లీసెకన్ల కౌంటర్ 49.7 రోజులకు సున్నాకు వస్తుంది. "ఇప్పుడు > గడువు" అని పోల్చినవాళ్లు ఆ రోజు మునుగుతారు; "ఇప్పుడు − మొదలు" అని అన్‌సైన్డ్‌లో తీసివేసినవాళ్లకు ఏమీ కాదు. ఇది చిన్న బోర్డుల జబ్బు మాత్రమే అనుకోవద్దు. ఆపకుండా 248 రోజులు పవర్‌లో ఉంటే బోయింగ్ 787 జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఆగిపోవచ్చని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశం ఇచ్చింది. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కిస్తే సైన్డ్ 32 బిట్లు నిండేది 248 రోజులు దాటగానే.

బ్యాటరీ పని వస్తే ఒక లెక్క చాలు. సీఆర్2032 సెల్ సుమారు 220 మిల్లీఆంపియర్-అవర్లు. సగటున 10 మైక్రోఆంపియర్లు తాగితే రెండున్నరేళ్లు. బ్లూ పిల్ లాంటి బోర్డు మీద ఇది కొలిస్తే ఎప్పటికీ రాదు, పవర్ ఎల్ఈడీ, రెగ్యులేటర్ అంతకు వందల రెట్లు తాగుతాయి. అవి ఊడదీసి, వాడని పిన్లను అనలాగ్ మోడ్‌లో పెట్టి కొలవాలి.

ఇక ఉద్యోగాల వైపు. హైదరాబాద్‌లో చిప్ కంపెనీల పని వేరు, వాహనాల పని వేరు. చిప్‌ల దగ్గర డ్రైవర్లు, వైర్‌లెస్ స్టాక్‌లు, సిలికాన్ వచ్చినప్పుడు బ్రింగ్-అప్ (కొత్త చిప్‌ను మొదటిసారి నడిపించడం) ఉంటాయి; అక్కడ పైన చెప్పిందంతా రోజువారీ భోజనం. వాహనాల వైపు వెళితే క్యాన్ (వాహనంలోని యూనిట్లను కలిపే బస్సు), ఆటోసార్ (వాహన సాఫ్ట్‌వేర్ ప్రమాణం), మిస్రా సి (సి రాసే నియమాలు), ఐఎస్ఓ 26262 (భద్రతా ప్రమాణం) తెలియాలి. సగం రోజు డాక్యుమెంట్లకే పోతుంది, అది ఇష్టమో కాదో ముందే తేల్చుకోండి. ఎంబెడెడ్ లైనక్స్ మరో లోకం, డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల ఫైల్), యూ-బూట్ (లైనక్స్‌ను లేపే ప్రోగ్రామ్) వీటితో మొదలవుతుంది. ఈ మూడూ ఒకే రెజ్యూమేలో కుక్కితే ఎవరూ నమ్మరు.

రెజ్యూమేలో "ఐ2సి, ఎస్‌పీఐ, యూఆర్ట్ తెలుసు" అని రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, అందరూ రాస్తారు. గిట్‌లో ఒక ప్రాజెక్టు పెట్టి, అందులో లాజిక్ అనలైజర్ చిత్రం, స్లీప్‌లో కొలిచిన కరెంటు, మ్యాప్ ఫైల్‌లోంచి ఫ్లాష్, ర్యామ్ వాడకం పెట్టండి. అడిగేవాళ్లకు మాట్లాడటానికి సరుకు దొరుకుతుంది. సి భాషలోని వోలటైల్ అనే మాట గురించి ఎలాగూ అడుగుతారు. అది కంపైలర్‌ను ప్రతిసారీ మెమరీ నుంచి చదివేలా చేస్తుంది కానీ, ఇంటరప్ట్‌కూ మెయిన్‌కూ మధ్య కౌంటర్ పెంచడాన్ని కాపాడదని చెప్పగలిగితే సగం దాటినట్టే.

విడిభాగాలకు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. చవక బ్లూ పిల్ కొంటే దాని మీద అసలు ఎస్‌టీ చిప్పే ఉంటుందన్న హామీ లేదు. ఓపెన్ఓసీడీ (చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్) చిప్ ఐడీగా హెక్స్ 1బీఏ01477 ఆశిస్తే 2బీఏ01477 వచ్చిందని ఎర్రర్ ఇచ్చిందంటే అది నకలు. బోర్డు పారేయనక్కర్లేదు. కాన్ఫిగ్‌లో సీపీయూ ట్యాప్ ఐడీని 0 చేస్తే కనెక్ట్ అవుతుంది, ఎల్ఈడీ వెలిగించడానికి బాగానే పనికొస్తుంది. ఎర్రాటా లెక్కలు, కరెంటు కొలతలు మాత్రం దాని మీద చేయకండి, ఎస్‌టీ కాగితాల్లోని అంకెలు దానికి వర్తించవు.