సోమశిల ఒడ్డున కార్తీక వత్తులు

మా అమ్మ ప్రతి కార్తీకమాసానికి 365 వత్తులు తనే చేసుకుంటుంది. బజార్లో కట్టలుగా అమ్మేవి కొనదు. దసరా వెళ్లగానే పత్తి ముందేసుకుని, వేళ్లకు విభూది అద్దుకుంటూ రోజూ కొన్ని పేనుతుంది. పౌర్ణమికి ముందురోజు వాటిని దారంతో కట్టగా కట్టి, ఆవునెయ్యిలో నానబెట్టి స్టీలు డబ్బాలో పెడుతుంది. ఈసారి ఆ కట్టను సోమశిలలో, సోమేశ్వరుడి గుడి ముందు వెలిగించాలనుకుంది. అందుకే నాయన, అమ్మ, తమ్ముడు, నేను మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరి, అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు దిగాం.

బంగాళాఖాతంలో అల్పపీడనం. రెండు రోజులుగా ముసురు. ఆరోజు పొద్దున కాస్త తెరిపిచ్చింది. సోమశిల ఎప్పుడు చూసినా నాకు గుండె నిండిపోతుంది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టాక ఊళ్లకు ఊళ్లే మునిగిపోయిన ప్రాంతం ఇది. ఈ గుడిని కూడా పాత చోటు నుంచి తెచ్చి పైన కట్టుకున్నారు. డ్యామ్ నిండు మట్టం 885 అడుగులు. నిండిన రోజుల్లో నది నదిలా ఉండదు, గుట్టల మధ్య సముద్రంలా ఉంటుంది. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, ఇటు మనం, మధ్యలో నల్లమల కొండలు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నట్టుంటాయి.

దీపాల వేళకు ఇంకా టైముంది కదా అని మధ్యాహ్నం ఇంజన్ పడవ మాట్లాడుకుని అంకాలమ్మ కోట వైపు వెళ్లాం. మబ్బు చూసి కూడా వెళ్లడం తప్పే. ఆ నిర్ణయం నాదే. పూజ సంచి పడవలోనే ఉంది, ఎందుకంటే అమ్మ దాన్ని ఎక్కడా వదలదు.

తిరుగు ప్రయాణంలో నాలుగు దాటాక గాలి లేచింది. వెనకే వాన. పడవ నడిపే అతనికి ముప్పై ఏళ్లుంటాయి, నాకు ఇంకో తమ్ముడి లాంటివాడు. అల ఎత్తు చూసి ఒక్క మాట కూడా మాట్లాడకుండా పడవను దగ్గరి ఒడ్డుకు తిప్పేశాడు. 2007లో ఇవే నీళ్లలో పడవ మునిగి పదుల మంది పోయారు. ఆ సంగతి ఈ ఒడ్డున అందరికీ గుర్తే. "గాలి తగ్గేదాక ఈడనే ఉందాం అక్కా, నీళ్లతోటి పంతం వద్దు" అన్నాడు. అతని మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది.

దిగేటప్పుడు నాయన కాలు పాకుడు రాయి మీద జారింది. లోతు నడుముదాకే, కానీ మనిషి మొత్తం మునిగి లేచాడు. పైకి లాగేసరికి పంచె, చొక్కా, స్వెటర్ అన్నీ నీళ్లు కారుతున్నాయి. అరవై ఎనిమిదేళ్లు, సన్నటి మనిషి. గాలి విసురుగా తగులుతోంది. పది నిమిషాల్లో పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఇంకాసేపటికి అమ్మ అడిగినదానికి జవాబు ముద్దగా వచ్చింది. చొక్కా గుండీ విప్పుకోబోతే వేళ్లు పట్టు దొరకక జారిపోతున్నాయి. అది చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది. చలికి చచ్చిపోవడానికి మంచు పడక్కర్లేదు. తడి బట్ట, గాలి, వయసు మళ్లిన ఒళ్లు ఉంటే చాలు, మన దక్కన్‌లో కూడా ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి దిగుతుంది. అప్పుడు ముందు తడబడేది మాట, చేయి.

ఫోనుకు సిగ్నల్ లేదు. చేపలు పట్టేవాళ్లు ఎప్పుడో వేసుకుని వదిలేసిన ఒక గుడిసె కనిపించింది. కప్పు ఎగిరిపోయి నాలుగు గుంజలు, కొన్ని వెదురు బద్దలు మిగిలాయి. పక్కన ఒక పెద్ద బండ, దాని వెనక గాలి అంతగా లేదు. నాయన్ని అక్కడికి చేర్చాం.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తడి కట్టె ఎందుకు అంటుకోదో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. కట్టె మండాలంటే సుమారు 300 డిగ్రీల వేడి తగలాలి, లోపల నీళ్లున్నంతసేపు అది 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మనం ఇచ్చిన వేడంతా ఆవిరిగా పోతుంది. ఇంత తెలిసీ, ఆ క్షణంలో కింద పడి ఉన్న పుల్లలు గబగబా ఏరి, ప్రసాదం పొట్లం కాగితం చుట్టి, పూజ సంచిలోని అగ్గిపెట్టె తీసి గీశాను. కాగితం మండింది, పుల్లలు పొగ కక్కాయి, ఆరిపోయింది. మళ్లీ గీశాను. తమ్ముడు ఊదాడు. మళ్లీ ఆరిపోయింది. ఆరు పుల్లలు పోయాయి, పెట్టె పక్క మందు మీద వాన చినుకు పడింది.

పడవ తమ్ముడు వచ్చి అగ్గిపెట్టె నా చేతిలోంచి తీసుకుని అమ్మకిచ్చాడు. "అమ్మా, ఇది మీ కొంగుల పొడి జాగల దాయుండ్రి. నేను అడిగేదాక తియ్యకుండ్రి" అన్నాడు. పుల్ల తలకాయలో ఎంత మందున్నా, పెట్టె పక్కనున్న ఎర్ర భాస్వరం తడిస్తే అది వెలగదు. అతనికి ఆ పేరు తెలియదు, సంగతి మాత్రం తెలుసు.

తర్వాత మమ్మల్ని పుల్లలకు పంపాడు. "కింద పడ్డయి వద్దక్కా, అవి నీళ్లు తాగి ఉంటయి. చెట్టుకు ఉండంగనే ఎండినయి సూడుండ్రి. విరిస్తే టప్పుమనాలె. వంగితే పారేయుండ్రి." రెండు చెట్ల కొమ్మల్లో ఇరుక్కుని వేలాడుతున్న ఎండు రెమ్మలు దొరికాయి. బండ కింద సందులో, వాన తగలని చోట, గాలికి కొట్టుకొచ్చిన ఆకులు, గడ్డి పరకలు గుప్పెడు ఉన్నాయి. తమ్ముడు తెచ్చిన ప్రతి పుల్లనూ అతను చెంపకు ఆనించి చూశాడు. చల్లగా తగిలితే పక్కన పెట్టేశాడు. వేళ్లు చలికి మొద్దుబారినప్పుడు చేయి చెప్పలేని తడిని చెంప చెబుతుందట. నేనూ ఆనించి చూశాను, నిజమే, తేడా వెంటనే తెలిసింది.

గుడిసె గుంజ ఒకటి పీకాడు. పైన నల్లగా, నాని ఉంది. ఇది కాలుతుందా అనుకున్నాను. పడవలోంచి కొడవలి తెచ్చి, గుంజ కొస మీద ఆనించి, రాయితో కొట్టాడు. నిలువునా చీలింది. లోపల ఎర్రగా, పొడిగా, వాసన కూడా వచ్చే కట్టె. దాన్ని మళ్లీ చీల్చాడు, మళ్లీ చీల్చాడు. కొన్ని ముక్కల అంచులను విడిపోకుండా సన్నగా చెక్కాడు, కోడి ఈకల్లా వంకర తిరిగి నిలబడ్డాయి. ఒక కుప్ప అగ్గిపుల్లంతవి, ఒక కుప్ప పెన్నంతవి, ఒక కుప్ప బొటనవేలంతవి, చివర చేతికర్ర అంతవి. నాయన వణుకుతున్నాడు, ఇతనేమో కుప్పలు పేరుస్తున్నాడు. నాకు ఓపిక పోయి, "తమ్మీ, అంటించు ఇక" అన్నాను. "ఇప్పుడంటిస్తే రెండు నిమిషాలు మండుతది అక్కా. మళ్ల కట్టె కోసం ఉరికేసరికి ఆరిపోతది" అన్నాడు, చేయి ఆపకుండానే.

ఈలోగా నాయన పని అమ్మ చూసింది. తడి బట్టలన్నీ విప్పించి, తువ్వాలుతో ఒత్తి తుడిచి, పూజకని ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకున్న పట్టుచీర రెండు చుట్లు చుట్టి, తల మీద తమ్ముడి టోపీ పెట్టింది. లైఫ్ జాకెట్లు కింద పరిచి వాటి మీద కూర్చోబెట్టాం. నేల లాగేసే చలి గాలి చలికంటే తక్కువేమీ కాదు.

నది రాళ్లు వాడొద్దన్నాడు, లోపల నీళ్లుంటే వేడికి పేలతాయట. బండ వెనక, గడ్డి లేని చోట, లావు కట్టెలు నాలుగు పక్కపక్కన పేర్చి వాటి మీద మంట పెట్టాలన్నాడు. తడి నేల తగలకూడదు. నేనూ తమ్ముడూ టార్పాలిన్ ఎత్తిపట్టి నిలబడ్డాం. అప్పుడు అడిగాడు, "అంటుకునేదేమన్న ఉన్నదా అమ్మా? నూనె, కర్పూరం?"

అమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. నెల రోజుల పని. నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె మాత్రం కట్ట దారం పళ్లతో కొరికి తెంపుతోంది. "ఎన్ని కావాలె బిడ్డా?" అంది.

అతను కట్టను నాలుగు పాయలు చేసి ఒక్క పాయే తీసుకున్నాడు. చలికి నెయ్యి పేరుకుని వత్తులు తెల్లగా, కొవ్వొత్తిలా గట్టిగా ఉన్నాయి. అలా పేరుకున్న నెయ్యి అగ్గిపుల్లకు తొందరగా అందుకోదు. అందుకని కింద రెండు కర్పూరం బిళ్లలు పెట్టి, వత్తుల కొసలు వేళ్లతో విప్పి దూది పొరలు కనిపించేలా చేసి, పైన ఎండు గడ్డి, ఆ పైన ఈకల కట్టెలు గూడులా నిలబెట్టాడు. గాలి ఆడేందుకు నా వైపు సందు వదిలాడు. అమ్మ కొంగులోంచి అగ్గిపెట్టె వచ్చింది. ఒక్క పుల్ల. కర్పూరం భగ్గుమంది. దూది అంచు ముందు నల్లబడింది, నెయ్యి కరిగి చిటచిటలాడింది, తర్వాత పసుపుపచ్చ మంట నెమ్మదిగా నిలబడింది. కార్తీకదీపం వాసన! ఆ వానలో, ఆ ఒడ్డున, మా దేవుడి గది వాసన.

వత్తుల మంట కొన్ని నిమిషాలు నిలిచింది. ఆ కొన్ని నిమిషాలే కావాలి. అగ్గిపుల్లంతవి అంటుకున్నాయి, తర్వాత పెన్నంతవి. అతను ఒక్కోటి పెడుతూ, ప్రతిసారీ మంట వాటి పైకి వచ్చేదాకా ఆగాడు. ఊదాలని వంగిన తమ్ముడి భుజం పట్టి వెనక్కి లాగాడు. బొటనవేలంతవి అంటుకున్నాక తడి కట్టెలను మంట చుట్టూ ఆరబెట్టాడు. ఒకటి ఆరేలోగా ఒకటి కాలుతోంది.

నాయన్ని మంటకు మరీ దగ్గరగా కూర్చోనివ్వలేదు. చేతులు కాళ్లు గట్టిగా రుద్దలేదు. స్టీలు గ్లాసులో నీళ్లు కాచి, నైవేద్యానికి తెచ్చిన బెల్లం కరిగించి, మింగుతున్నాడని చూసుకున్నాకే గుటక గుటకగా తాగించాం. ఇలాంటప్పుడు ఓ పెగ్గు పోయమనేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మందు చర్మానికి రక్తం తోలి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. అరగంటకు మాట తేటపడింది. "పట్టుచీర కట్టినారేందే నాకు?" అన్నాడు. అమ్మ అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది.

చీకటి పడ్డాక వాన సన్నబడింది. మబ్బు పగిలి పౌర్ణమి చంద్రుడు నీళ్ల మీదికి వచ్చాడు. బయల్దేరే ముందు మంట ఆర్పడానికే పావుగంట పట్టింది. వెనకున్నది అమ్రాబాద్ పులుల అడవి, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో నిప్పు పెట్టడం నేరం, 1972 వన్యప్రాణి చట్టమే చెబుతుంది. వానాకాలం పోయిందంటే ఆ గడ్డి ఎంత తొందరగా అంటుకుంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. అందుకే అతను ముందే నీటి అంచున, గడ్డి లేని చోటు చూసుకున్నాడు. కృష్ణ నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చివరికి అరచేయి బూడిదలో పెట్టి చూశాడు. నా చేయి కూడా పెట్టించాడు. చల్లగా, మెత్తటి బురదలా ఉంది.

సోమశిల చేరేసరికి గుడి మెట్ల మీద దీపాలు ఇంకా ఉన్నాయి. అమ్మ మిగిలిన మూడు పాయల్లో రెండు అక్కడ వెలిగించింది. మూడోది, మిగిలిన కర్పూరం, అగ్గిపెట్టె డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి పడవ తమ్ముడికిచ్చింది. అతను డబ్బాను కళ్లకద్దుకుని, ఇంజన్ పక్కన పొడి గుడ్డల కింద దాచాడు.