గరగరమనే ఫోర్ వీల్ డ్రైవ్: ముందు చక్రం, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫర్ కేస్

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద గరగరమని సౌండు మొదలైతే చాలా షెడ్లలో మొదట వినిపించే మాట ఒకటే: "ట్రాన్స్‌ఫర్ కేస్ దించాల." గేర్‌బాక్స్ వెనకాల ఉండి, ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. దాన్ని దించి, విప్పి, లోపలి బేరింగులు మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. మా జీపుకి కూడా తిరుపతిలో ఒక షెడ్డులో ఇదే చెప్పారు. బండిని జాకీ ఎక్కించలేదు, ఒక రౌండు నడిపి చూడలేదు. సౌండు ఎప్పుడొస్తుందో కూడా అడగకుండా రోగం పేరు చెబితే నాకు మనసొప్పలేదు. బండి తీసుకుని వచ్చేశాను.

దామలచెరువు వైపు మా మామిడి తోటకి వెళ్లే దారిలో ఒక వంక ఉంది. నవంబరు వానలకి అది పారిందంటే చక్రాలు సగం దాకా మునుగుతాయి. ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే మామూలు వేగపు గేరులో పెట్టుకుని దాటుతాం. ఆ వానలు వెలిశాక, తోట నుంచి తిరిగి వస్తుంటే వేగం నలభై దాటగానే కింద నుంచి రాయి నూరుతున్నట్టు సౌండు. రోజురోజుకీ పెరిగింది.

రేణిగుంట రోడ్డులో పాత జీపుల పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. "సార్, ముందు సౌండు ఎప్పుడొస్తా ఉండాదో చెప్పండి" అన్నాడు. ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి తానే తోలాడు.

మంచి స్పీడులో ఉండగా క్లచ్ తొక్కి న్యూట్రల్ చేశాడు. ఇంజిన్ ఐడిల్‌కి పడిపోయినా సౌండు తగ్గలేదు, బండి నెమ్మదించే కొద్దీ తగ్గింది. అంటే సౌండు ఇంజిన్ తిరుగుడుతో కాదు, చక్రాల తిరుగుడుతో వస్తోంది. క్లచ్, గేర్‌బాక్స్ ముందు భాగం మీద అనుమానం అక్కడికి చాలావరకు పోయింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా కూత వినిపిస్తే డిఫరెన్షియల్‌లో (ఇరుసు మధ్యలో ఉండి, మలుపులో రెండు పక్కల చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బా) క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాలు చూడాలట. మాది రెండు రకాలుగానూ ఒకేలా ఉంది. బండి కదిలేటప్పుడు టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకి శక్తి తెచ్చే పొడుగు కడ్డీ) క్రాసులు, అంటే దాని కీళ్లు. ఆ టక్కు కూడా లేదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ని కాస్త ఎడమకి, కాస్త కుడికి ఊపాడు. ఎడమకి తిప్పితే సౌండు గట్టిగా వస్తోంది, కుడికి తిప్పితే దాదాపు పోతోంది. బండి ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. "కుడి పక్క ముందు చక్రం బేరింగు" అని రోడ్డు మీదే చెప్పేశాడు. నా దృష్టిలో పనితనం అంటే అదే.

"టూ వీల్‌లో నడిపినా సౌండు వస్తోంది కదా భాయ్, ముందు ఇరుసు ఎట్లా అవుతుంది?" అని అడిగాను. ఆయన విడమరిచి చెప్పాడు. మా బండికి ఫ్రీ వీల్ హబ్బులు, అంటే టూ వీల్‌లో ముందు చక్రాలని యాక్సిల్ షాఫ్టుల నుంచి విడదీసేవి, లేవు. టూ వీల్‌లో ఉన్నా రోడ్డు మీద దొర్లే ముందు చక్రాలు లోపలి యాక్సిల్ షాఫ్టులనీ, డిఫరెన్షియల్‌నీ, ముందు ప్రొపెల్లర్ షాఫ్టునీ తిప్పుతూనే ఉంటాయి. టూ వీల్‌లో సౌండు వచ్చినంత మాత్రాన ముందు భాగం మంచిదని అనుకోకూడదు. ఇది నాకు కొత్త సంగతి.

షెడ్డుకి వచ్చి చక్రం లేపి, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టి ఊపితే స్పష్టంగా ఆట, అంటే వదులు కదలిక. విప్పేముందు డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య రాయి ఇరుక్కుందేమో, బ్రేక్ ప్యాడ్లు ఇనుము దాకా అరిగాయేమో టార్చి వేసి చూశాడు. రెండూ ఇలాంటి సౌండే చేస్తాయి, రెండూ చవకలో పోతాయి.

హబ్బు విప్పగానే గ్రీజు బయటికొచ్చింది. గ్రీజులా లేదు, పాలు ఎక్కువైన కాఫీ రంగులో పలచగా కారింది. ఆయిల్ సీల్ పెదవి గట్టిపడి చీలింది, వంక నీళ్లు అక్కడి నుంచే లోపలికి పోయాయి. బేరింగు కప్పుని, అంటే రోలర్లు దొర్లే బయటి రింగుని, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. అద్దంలా ఉండాల్సిన దారిలో గోరు తగిలేంత గుంతలు, అంచున నల్లటి తుప్పు మరకలు. కడిగి మళ్లీ వేసే రకం కాదు. లోపలి, బయటి బేరింగులు కప్పులతో సహా కొత్తవి, కొత్త సీలు వేశాం. గ్రీజుని అరచేతిలో పెట్టుకుని, రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా నొక్కి నింపాడు. చక్రం తిప్పుతూ లోపలి నట్టు బిగించి, పట్టేశాక కాస్త వదిలి, లాక్ వాషర్ మడిచి పైనట్టు వేశాడు. ఆట ఉండకూడదు, చక్రం మాత్రం చేత్తో హాయిగా తిరగాలి. మరీ బిగిస్తే కొత్త బేరింగు కూడా కాలిపోతుంది.

నీళ్లలో దిగిన బండి కాబట్టి డిఫరెన్షియళ్ల ఆయిల్ కూడా చూపించమన్నాను. నింపే బిరడా వదులైందని చూసుకున్నాకే కింది బిరడా తీశాడు. ఆయిలంతా దించేశాక పై బిరడా రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. వెనకది శుభ్రంగా ఉంది. ముందుది తెల్లగా నురగలా వచ్చింది. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (ఇరుసు గాలి పీల్చి వదిలే చిన్న రంధ్రం) ద్వారా నీళ్లు పీల్చుకుంటుంది. అదృష్టం, అయస్కాంతపు బిరడాకి ఇనుప ముక్కలేమీ అంటుకోలేదు, సన్నటి నల్ల పేస్టు మాత్రమే. అది మామూలు అరుగుదల. మా బండి పుస్తకంలో ఉన్నట్టే జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్ పోశాం. ఇదే ఆయిల్‌ని గేర్‌బాక్స్‌లో కూడా పోసేయకండి. అక్కడ ఇత్తడి సింక్రోలు (గేరు సాఫీగా పడేట్టు చేసే రింగులు) ఉంటే చాలా బండ్లకి జీఎల్-4 అని రాసి ఉంటుంది.

ఇంకొక్కటి. మాలాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌ని, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చే బండిని, ఎండిన తారు మీద ఫోర్ హైలో పెట్టి భాకరాపేట ఘాట్ లాంటి మలుపులు తిప్పితే కింద కటకటమంటుంది, టైర్లు ఎగురుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, మధ్యలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు. దానికి మెకానిక్ అక్కర్లేదు, టూ వీల్‌కి మారితే చాలు.

ట్రాన్స్‌ఫర్ కేస్ ఇప్పటికీ విప్పలేదు. ముందు ఇరుసు బ్రీదర్‌కి పొడుగు గొట్టం వేయించి, బానెట్ కింద పైదాకా లాగించాను. వంక దిగేముందు ఇరుసు చల్లారడానికి కాసేపు ఆగుతున్నాం.