తిరుగు దారి

గురువారం. ఆఫీసు నెట్‌వర్క్‌నీ గోడౌన్ నెట్‌వర్క్‌నీ కలపాలి. ఉన్నవి రెండే రౌటర్లు, రాయాల్సినవి రెండే స్టాటిక్ రూట్లు (చేత్తో రాసిపెట్టే దారులు). అయినా పూటంతా పట్టే పని ఇది.

ఆఫీసు వైపు 192.168.10.0, గోడౌన్ వైపు 192.168.20.0, రెండూ స్లాష్ 24 (అంటే మాస్క్ 255.255.255.0). మధ్యలో ఫైబర్ లింకుకి 10.0.0.0 స్లాష్ 30. అందులో వాడుకోగలిగినవి రెండే అడ్రసులు: ఆఫీసుకి 10.0.0.1, గోడౌన్‌కి 10.0.0.2. ఇంతమాత్రానికి రౌటర్లే దారులు నేర్చుకునే ఓఎస్‌పీఎఫ్ అక్కర్లేదు.

సిస్కో అయితే ఆఫీసు రౌటర్‌లో ఒక్క లైను: ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/1 10.0.0.2. ఇంటర్‌ఫేస్ (బయటికెళ్లే పోర్టు), నెక్స్ట్ హాప్ (తర్వాతి రౌటర్ అడ్రసు) రెండూ రాయడమే మంచిది. ఇంటర్‌ఫేస్ ఒక్కటే రాస్తే అవతలి ప్రతి పీసీ అడ్రసుకీ రౌటర్ విడిగా ఏఆర్‌పీ (ఈ ఐపీ ఉన్న హార్డ్‌వేర్ అడ్రసేది అనే ప్రశ్న) అడుగుతుంది. అవతలి రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (వేరేవాళ్ల తరఫున జవాబివ్వడం) ఆపేసి ఉంటే జవాబే రాదు. నెక్స్ట్ హాప్ ఒక్కటే రాస్తే లింకు పడిపోయినప్పుడు 10.0.0.2ని డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనివన్నీ వెళ్లే రూటు) మీదుగా వెతుక్కుని, చచ్చిన రూటు టేబుల్లోనే ఉండిపోవచ్చు. నెట్‌వర్క్ అడ్రసు బదులు 192.168.20.1 కొడితే మాత్రం సిస్కో సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ అక్కడికక్కడే తిప్పికొడుతుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఆఫీసు రౌటర్ నుంచి 192.168.20.1కి (గోడౌన్ రౌటర్ లోపలి అడ్రసు) పింగ్ కొడితే జవాబొస్తుంది, ఆఫీసు పీసీ నుంచి కొడితే రాదు. రౌటర్ పింగ్ 10.0.0.1 పేరు మీద బయల్దేరుతుంది. అది గోడౌన్ రౌటర్‌కి పక్కనే తగిలి ఉన్న నెట్‌వర్క్, జవాబు ఇట్టే తిరిగొస్తుంది. పీసీ పంపిన ప్యాకెట్ కూడా అవతలికి చేరుతుంది. కానీ 192.168.10.0కి దారి గోడౌన్ రౌటర్‌కి తెలియదు, జవాబు అక్కడే పోతుంది. అందుకే రెండో రూటు అటు నుంచి 10.0.0.1 వైపు. పరీక్ష కూడా పింగ్ 192.168.20.1 సోర్స్ 192.168.10.1 (ఆఫీసు రౌటర్ లోపలి అడ్రసు) అనే చేయాలి. దయచేసి సోర్స్ లేని పింగ్ చూసి లింకు అప్పగించకండి. అదీ పాసై పీసీకే జవాబు రాకపోతే, పీసీలో గేట్‌వే (బయటికి పంపే రౌటర్ అడ్రసు) చూడాలి. వేరే సబ్‌నెట్ నుంచి వచ్చే పింగ్‌ని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపేస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇక బ్యాకప్. 4జీ మీద టన్నెల్ (రెండు రౌటర్ల మధ్య వర్చువల్ లింకు), దానికి 172.16.0.0 స్లాష్ 30. అదే రూటు మళ్లీ, నెక్స్ట్ హాప్ 172.16.0.2, చివర 200. స్టాటిక్ రూట్‌కి మామూలు డిస్టెన్స్ (తక్కువ ఉన్న రూటే గెలుస్తుంది) 1 కాబట్టి, 200 ఉన్నది మొదటిది పోయాకే టేబుల్లోకి వస్తుంది. మొదటిది పోవాలంటే పోర్టు డౌన్ అవ్వాలి. మధ్యలో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రాగి తీగకి మార్చే పెట్టె) ఉంటే ఫైబర్ తెగినా రౌటర్ వైపు రాగి తీగ పోర్టు వెలుగుతూనే ఉండొచ్చు, అప్పుడు ట్రాఫిక్ గోతిలో పడుతుంది. దీనికి మందు ఐపీ ఎస్‌ఎల్‌ఏ, అంటే రౌటరే లింకుని పరీక్షిస్తూ ఉండడం: 10.0.0.2కి ఐసీఎంపీ ఎకో (పింగే), ఫ్రీక్వెన్సీ 10 సెకన్లు (ఏమీ చెప్పకపోతే 60), ఆ ఫలితాన్ని గమనించే ట్రాక్ 1, మెయిన్ రూట్ లైను చివర ట్రాక్ 1. షెడ్యూల్ లైను మర్చిపోతే ప్రోబ్ (ఆ పరీక్ష పింగ్) అసలు మొదలే కాదు. ట్రాక్ లేని పాత లైను తీసేయాలి. ఇదంతా గోడౌన్‌లోనూ పెట్టాలి, లేకపోతే ఆఫీసు 4జీకి మారినా జవాబులు తెగిన ఫైబర్ వైపే వెళ్తాయి.

రెండు చోట్లా రైట్ మెమరీ (సెట్టింగులు సేవ్ చేసే కమాండ్). పరీక్షకి రౌటర్ పోర్టులోని కేబుల్ కాదు, కన్వర్టర్ వెనక ఫైబర్ ప్యాచ్ కార్డ్ పీకి చూడాలి.