కొండపల్లి కర్రతో టైగర్ మాత్

విమాన నమూనాలు చేసేవాళ్లలో చాలామంది కిట్‌తో మొదలుపెట్టి కిట్ల దగ్గరే ఉండిపోతారు. అందులో తప్పేం లేదు, నేనూ ఏళ్ల తరబడి అంతే. డి హావిలాండ్ టైగర్ మాత్‌ను మాత్రం డబ్బాలోంచి తీసి అతికించబుద్ధి కాలేదు. 1931 అక్టోబర్‌లో మొదటిసారి ఎగిరిన ఈ జంట రెక్కల శిక్షణ విమానాలు 8 వేలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన బేగంపేటలో కుర్ర పైలట్లు ఓనమాలు దిద్దుకున్నది దీని మీదే. అలాంటిదాన్ని ముక్క ముక్కా చేత్తో చేసి చూడాలనిపించింది.

స్కేలు 1:24 తీసుకున్నాను. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 8.94 మీటర్లు, పొడవు 7.29 మీటర్లు. నమూనాలో అది సుమారు 37 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు అవుతుంది. ఇంకా చిన్నదైతే కాక్‌పిట్‌లో పని కంటికి ఆనదు. పెద్దదైతే ఇంట్లో పెట్టనివ్వరు.

డ్రాయింగ్ ప్రింటు తీయించగానే ముందు స్కేలు పెట్టి కొలవండి. కాగితంలో ఇమడాలని ప్రింటర్లు తమకు తోచినంత కుదించేస్తాయి. నూటికి రెండు వంతులు తగ్గినా రెక్కలో 7 మిల్లీమీటర్లు పోయినట్టే. కొలత తెలిసిన గీత ఒకటి డ్రాయింగ్ మీదే గీయించుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

విమానం ఒంటికి బాల్సా అనే తేలిక కర్ర వాడదామనుకుని చివరికి కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తెచ్చాను. తేలిక, మెత్తన, పదునైన బ్లేడుకి చక్కగా లొంగుతుంది. బాల్సాలా అంచులు నలిగిపోవు. పచ్చిది పనికిరాదు, బొమ్మలవాళ్లు కూడా సెగ మీద బాగా ఆరబెట్టాకే చెక్కుతారు. ఆ బొమ్మలకు కాళ్లూ చేతులూ అతికేది మక్కుతో. అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. తోక ఒంటికి కలిసేచోట సందులకు నేనూ అదే పూశాను. ఆరాక కర్రతో పాటే సమంగా అరుగుతుంది. కార్లకు పూసే పుట్టీ అయితే గట్టిగా నిలబడిపోయి, చుట్టూ కర్ర మాత్రమే అరిగి పల్లం పడుతుంది.

చెక్కేముందు ఒకటి తెలిసుండాలి. టైగర్ మాత్ ఒంట్లో ఉన్నది ఉక్కు గొట్టాల చట్రం, పక్కలకు గుడ్డ తొడుగు. యుద్ధ కాలంలో ఎక్కువగా వాడిన రెండో రకానికి వీపు భాగం ప్లైవుడ్. కాబట్టి వీపు నున్నగా ఉండాలి, పక్కలే కాస్త గుడ్డలా కనిపించాలి. చాలా నమూనాల్లో రెండూ ఒకేలా ఉంటాయి.

ఇంజిన్ మీద ఎక్కువ కాలం పెట్టలేదు. జిప్సీ మేజర్, 130 గుర్రాల శక్తి, నాలుగు సిలిండర్లూ తలకిందులుగా వేలాడుతుంటాయి. పంకాను తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, పైన ఉండటంతో ముక్కు సన్నబడి పైలట్‌కి ముందు చూపు బాగుంటుంది. ఒకవైపు మూత తెరిచి పెట్టాను కాబట్టి సిలిండర్లు కనబడాలి. 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ముక్కలకు ఫ్యాన్ వైండింగ్ షాపులో దొరికే సన్నటి రాగి తీగ వరసగా చుట్టి నల్ల రంగు వేస్తే చాలు, గాలితో చల్లబడే సిలిండరు చుట్టూ ఉండే పల్చటి రేకులు అచ్చం అలాగే కనిపిస్తాయి.

అసలు పరీక్ష రెక్కల దగ్గర. ఈ విమానం అందమంతా ఆ వాలులోనే ఉంది. రెక్కలు రెండూ కాస్త వెనక్కి వాలి ఉంటాయి, దానికి కారణం పారాచూట్. దీనికి ముందు వచ్చిన మాత్ విమానంలో పై రెక్కను మోసే నిలువు బద్దలు, అంటే స్ట్రట్లు, ముందు సీటు చుట్టూ ఉండేవి. ఆ సీట్లో శిక్షకుడు కూర్చుంటాడు, ప్రమాదం వస్తే పారాచూట్‌తో సహా బయటికి దూకడం కష్టం. అందుకని పై రెక్క మధ్య భాగాన్ని ముందుకు జరిపారు. దాంతో బ్యాలెన్స్ చెడకుండా రెక్కల కొసల్ని వెనక్కి వాల్చారు. అలా వాల్చేసరికి కింది రెక్కల కొసలు నేలకు దగ్గరయ్యాయి, వాటిని ఇంకొంచెం పైకి ఎత్తాల్సి వచ్చింది. ఫలితంగా కింది రెక్క ఎత్తు 4.5 డిగ్రీలు, పై రెక్కది 2.75 డిగ్రీలు. మన స్కేల్లో కింది రెక్క కొస దాదాపు 13 మిల్లీమీటర్లు లేవాలి, పైది 8 లేస్తే చాలు. ఎదురుగా నిలబడి చూస్తే కొసల వైపు పోయేకొద్దీ రెక్కల మధ్య జాగా తగ్గుతూ రావాలి. రెండూ సమాంతరంగా పెట్టారో, అది ఇంకేదో విమానం.

దీనికోసం దళసరి గాజు పలక మీద అట్టముక్కలతో చిన్న పందిరి కట్టాను. కింది రెక్క కొసల కింద 13 మిల్లీమీటర్ల దిమ్మెలు, ఒంటిని కదలకుండా పట్టే గాడి, పై రెక్క ఆనడానికి వేరే అట్టలు. స్ట్రట్లు వెదురు బద్దలు చీల్చి, కన్నీటి చుక్క ఆకారం వచ్చేదాకా వాటర్ పేపర్‌తో రుద్దినవి. ముందు పై రెక్క మధ్య భాగాన్ని దాని నాలుగు స్ట్రట్ల మీద నిలబెట్టి, ఆరాకే కొసల సంగతి చూశాను. ఆ మధ్య భాగమే పెట్రోలు ట్యాంకు, సుమారు 86 లీటర్లది. దాని నెత్తిన గాజు గొట్టంలో తేలే గేజ్ ఉంటుంది. చేపల గాలం దారం ముక్క కొసకు ఎర్ర చుక్క పెడితే గేజ్ అయిపోయింది.

రెక్కల మీద గుడ్డ విషయంలో నాకు కాస్త పట్టుదల ఉంది. రెక్క లోపలి ఈనె ఈనెకీ మధ్య గుడ్డ లోతుగా కుంగినట్టు చూపించడం ఇప్పుడు ఫ్యాషన్. నిజానికి గుడ్డకు డోప్ అనే వార్నిష్ లాంటి పూత పూస్తే బిగుసుకుని డప్పు చర్మంలా ఉంటుంది. 24వ వంతులో ఆ కుంగు కంటికి లీలగా తెలిస్తే చాలు. సన్నటి టేపు పట్టీలు ఈనెల మీద అతికించి, పైన ప్రైమరు రెండు చేతులు కొట్టి, వాటర్ పేపర్‌తో దాదాపు చెరిపేశాను. విమానాన్ని పక్కకు ఒరిగించే కదిలే పలకలు, అంటే ఎయిలరాన్లు, కింది రెక్కలకే ఉంటాయి. పై రెక్కల ముందంచున ఉండేవి స్లాట్లు, తక్కువ వేగంలో తెరుచుకునే పట్టీలు.

ఈ శిక్షణ విమానానికి వేసే పసుపు రంగు కింది పూతను సరిగా కప్పదు, ముదురు ప్రైమరు మీద వేస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. తెల్ల ప్రైమరు మీద పల్చటి పూతలు వేసుకుంటూ పోవాలి. వాయుసేన గుర్తులు కంపాస్ కట్టర్‌తో కోసిన మాస్కులతో వేసుకున్నాను.

ఇక తీగలు. ఎగిరేటప్పుడు రెక్కలు పైకి లేచిపోకుండా పట్టేవి ఫ్లయింగ్ వైర్లు, నేల మీద ఉన్నప్పుడు వాటి బరువు మోసేవి ల్యాండింగ్ వైర్లు. ఇవి గుండ్రటి తీగలు కావు, గాలిని కోసే చదును పట్టీలు. దారం కడితే ఆ మెరుపు రాదు. ఆ వైండింగ్ తీగనే పటకార్లతో సాగదీసి నిటారు చేసి, మా వీధిలో బంగారప్పని చేసే ఆచారి గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన దగ్గర తీగను చదును చేసే చేతి రోలరు ఉంది.

"ఏం నగకండీ ఇది, రాగితో?"

"విమానానికండీ ఆచారి గారూ."

ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు సర్దుకుని తీగను వేళ్ల మధ్య జార్చి చూశారు. "కొంచెం కాలిస్తే సాఫీగా నలుగుతుంది, లేకపోతే అంచులు పగులుతాయి" అన్నారు. దీపం మంట మీద కాల్చి నీళ్లలో ముంచి, రోలర్లో పెట్టి మరికొంచెం, మరికొంచెం బిగిస్తూ తిప్పారు. పట్టీ జుట్టు పిన్నుకన్నా సన్నగా బయటికి వచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు, పూర్తయ్యాక చూపించమన్నారు.

ఒక్కో పట్టీకి సిల్వర్ రంగు వేసి, డివైడర్‌తో దూరం కొలిచి, వెంట్రుకవాసి తక్కువగా కోసి, రెండు కొసల్లో మాత్రమే జిగురు చుక్క పెట్టాను. లాగి కట్టడం లేదు కాబట్టి రెక్కల ఎత్తులు చెదరవు. ఫ్లయింగ్ వైర్లు ముందు, ల్యాండింగ్ వైర్లు తర్వాత. జిగురుకు సూపర్ గ్లూ వద్దు, పక్కనే ఉన్న విండ్‌స్క్రీన్ల మీద తెల్లటి మసక పడుతుంది. నీళ్లతో తుడుచుకుపోయే తెల్ల జిగురే మేలు.

మొన్న ఆచారి గారికి చూపించాను. రెక్కలు, ఇంజిన్ ఏవీ అడగలేదు. ఒక పట్టీ కాస్త మెలిపడింది, అది విప్పి తెమ్మన్నారు.