యోపాన్ పొదల్లో పొడుగు తుపాకి

హ్యూస్టన్ నుంచి 59 నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి రెండు గంటలు పోతే లఫ్కిన్. దూరం నుంచి చూస్తే ఆ పైన్ చెట్ల మధ్య కారైనా పోతుందనిపిస్తుంది. లోపలికి దిగాక తెలిసింది, కిందంతా యోపాన్ అనే గుబురు పొదలు, వాటికి చుట్టుకున్న ముళ్ల తీగలు. మన తుమ్మకంపే నయం.

మా ఆఫీసాయన మామగారి పొలం అది. అడవిపందులు పచ్చికంతా తవ్విపోస్తుంటే మమ్మల్ని రమ్మన్నాడు. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని సరేనంటే వీటి వేటకి 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు.

నేను మోసుకెళ్లింది 300 మ్యాగ్నమ్ రైఫిల్. 26 అంగుళాల బారెల్, 6 నుంచి 18 రెట్లు పెద్దగా చూపే స్కోప్. నాలుగు వందల గజాల దూరం కొట్టే కబుర్లు విని కొన్నాను. ఇక్కడేమో నలభై గజాల అవతల ఆకులే! అడుగడుక్కీ బారెల్ తీగల్లో ఇరుక్కుంటోంది. ఇరవై గజాల్లో గుర్రుమన్న చప్పుడైతే స్కోప్‌లో కన్ను పెట్టాను. నల్లటి వెంట్రుకల గోడ తప్ప ఏమీ లేదు. అది తలో తోకో తేలేలోపే మాయం.

పొలం యజమాని పెద్దాయన ఏమీ అనకుండా తన మార్లిన్ 336 తుపాకి చేతికిచ్చాడు. దాంట్లో వేసేది 30-30 తూటా, 1895లో వచ్చిన రకం. 20 అంగుళాల బారెల్, ట్రిగ్గర్ కింది లీవర్ ఆడిస్తే భుజం మీంచి దించకుండానే రెండో తూటా సిద్ధం. తూటాల ముక్కు మొద్దుగా ఎందుకుందని అడిగాను. గొట్టం మ్యాగజీన్‌లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కదా, మొన తేలితే అదురుకి ముందుదాని అడుగున ఉండే ప్రైమర్‌కి, అంటే దెబ్బ తగిలితే నిప్పంటించే మందుబిళ్లకి, గుచ్చుకుని పేలొచ్చట.

సాయంత్రం పంది మళ్లీ కనబడింది, కానీ కొమ్మల చాటున. బరువైన గుండు పొదని చీల్చుకుపోతుందని ఎక్కడో విన్న ధైర్యంతో కాల్చేశాను. పంది పారిపోయింది. దెబ్బతిని ఎక్కడైనా పడిందేమోనని చీకటి పడేదాకా వెతికాం. ఒక్క రక్తపు చుక్కా లేదు. దొరికింది వేలు లావు యోపాన్ కొమ్మ, సగానికి తెగి తెల్లగా వేలాడుతూ.

"ఏ తూటా అయినా కొమ్మ తగిలితే పక్కకి పోతుంది. సందు దొరికాకే కాల్చాలి," అన్నాడు పెద్దాయన. పొట్టి తుపాకి ఆ సందు మీదికి తొందరగా తిరుగుతుంది, అంతే దాని గొప్ప.

నా మ్యాగ్నమ్‌ని తర్వాతి నెలలో అమ్మేశాను. కొన్నవాడిది పడమటి టెక్సాస్. చెట్లు పెద్దగా లేని చోటు.